గ్లిసరాల్ సంగతి రోబోకి ఎవరు చెప్పాలి?

అమెరికాలో షికాగో దగ్గరున్న నేపర్‌విల్‌లో కారెక్కితే అరగంటలో ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీకి చేరుకోవచ్చు. 1946లో అణు పరిశోధన కోసం ఏర్పడిన ఈ సంస్థలో ఇప్పుడు పాలీబాట్ అనే వ్యవస్థ నడుస్తోంది. కరెంటు ప్రవహించే పాలిమర్ పొరలను రోబో తయారుచేస్తుంది, వాటి గుణాలు కొలుస్తుంది. ఆ ఫలితాలు చూసి తర్వాత ఏ ప్రయోగం చేయాలో కృత్రిమ మేధ తేలుస్తుంది. ఆ పొరను తయారుచేయడానికి దాదాపు పది లక్షల రకాల మేళవింపులున్నాయి. మనుషులు ఒక్కొక్కటీ చేత్తో చేసి చూడటం అయ్యే పని కాదు.

మరి ఇలాంటి ల్యాబ్‌కి ఎవరిని తీసుకోవాలి? రోబో అనగానే అందరికీ ముందు ప్రోగ్రామర్ గుర్తొస్తాడు. తప్పుటడుగు పడేది అక్కడే.

ద్రవాన్ని కొలిచి పీల్చి వదిలే రోబో పిపెట్ నీళ్లతో పరీక్షించినప్పుడు కచ్చితంగా కొలుస్తుంది. అదే ప్రోగ్రాంతో గ్లిసరాల్ తీయిస్తే కథ మారుతుంది. ఆ చిక్కటి ద్రవం పూర్తిగా ఎక్కకముందే పిపెట్ పైకి లేచిపోతుంది. వదిలేటప్పుడు కొంత లోపలి గోడలకే అంటుకుపోతుంది. చాలాసార్లు యంత్రం ఏ హెచ్చరికా ఇవ్వదు, పది మైక్రోలీటర్లు వేశానని రాసేసుకుంటుంది. పడింది మాత్రం తక్కువ! ల్యాబ్‌లో చేయి తిరిగినవాళ్లు గ్లిసరాల్‌ని మెల్లగా పీల్చి, కాస్త ఆగి, మెల్లగా వదులుతారు. ఆ ఓపికను వేగం, విరామం అనే అంకెల్లోకి మార్చి రోబోకి నేర్పగలవాళ్లు కావాలి.

కాబట్టి రెజ్యూమేలో రోబో బ్రాండ్లు లెక్కపెట్టే బదులు, నమూనాలు వేసే 96 గుంటల ప్లేటు ఒకటి ముందుపెట్టి ఒక ప్రశ్న అడగడం మేలు: అంచు గుంటల్లోనే ఫలితాలు తేడాగా వస్తుంటే ఏం చూస్తారు? కోడ్ తెరిచేముందు, అంచుల్లో ద్రవం త్వరగా ఆవిరవుతుందేమోనని అనుమానించేవాళ్లకే ఉద్యోగం ఇవ్వాలి.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. 1980ల తొలినాళ్లలో జపాన్‌లోని కోచి వైద్య కళాశాలలో కన్వేయర్ బెల్టులు, రోబోలతో వైద్యపరీక్షల ల్యాబ్‌ని నడిపి ప్రపంచానికి దారి చూపిన మసహిదే ససాకి స్వయానా డాక్టరు. పరీక్ష ఎలా జరగాలో తెలిసిన మనిషి కనుకనే యంత్రంతో ఏం చేయించాలో ఆయనకు తెలిసింది.

అమెరికాలోని తెలుగువాళ్లలో బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ఇక్కడికొచ్చాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి మళ్లినవాళ్లు ఉన్నారు. ఆ పాత డిగ్రీని రెజ్యూమే అడుగున రాస్తుంటారు. నేపర్‌విల్ చుట్టుపక్కల ల్యాబ్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసేటప్పుడు దాన్ని పై వరుసలోకి తీసుకురండి. పిపెట్ పట్టిన రోజుల గురించి రెండు వాక్యాలు కూడా రాయండి.