పడిశమా, పీనసమా?

పటాన్‌చెరువు మొదలు సంగారెడ్డివరకు గల సీమయందలి గృహిణులకు ముక్కుదిబ్బడను గూర్చి వర్ణించి చెప్పనక్కరలేదు. 1970 దశకమునుండి అచ్చట వెలసిన కర్మాగారములు వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టుచున్నవి. పొగయు, ఘాటైన వాసనయు గూడ నిచ్చుచున్నవి. అట్టి గాలి ముక్కులోని పొరను రేపును. అయినను ప్రతి పడిశమునకును మాత్ర మ్రింగవలయునను నియమము లేదని సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

చెక్కిళ్ళయందును, నుదుటను, కన్నుల నడుమను ఎముకలలో గాలిగదులు గలవు. వీనినే సైనసులందురు. పడిశమున వాని ద్వారములు వాచి మూసికొనిపోగా మొగము బరువెక్కును. నూటికి తొంబదికి పైగా దీనికి కారణము వైరసులే. వానిపై ఆంటిబయాటిక్ మాత్రలు పనిచేయవు; చీమిడి పచ్చబడినంత మాత్రమున అవి అవసరమనుకొనరాదు. దుకాణమున నడిగి మాత్రలు తెచ్చుకొను అలవాటు మన యిండ్ల ప్రబలినది. నిజముగా కావలసిననాడు ఆ మందే పనిచేయకపోవచ్చును.

కావున దినములు లెక్కించుకొనుడు. పదిదినములకును నెమ్మదింపకున్నను, తగ్గినట్లే తగ్గి తిరుగబెట్టినను, 102 డిగ్రీల జ్వరముతో చీమువంటి చీమిడి మూడునాలుగు దినములు విడువకున్నను వైద్యునికడకు పోవలయును. అమాక్సిసిల్లిన్‌తో క్లావులానిక్ ఆమ్లము చేర్చిన మాత్రలు సాధారణముగా వ్రాయుదురు. ముక్కుదిబ్బడను క్షణములో విప్పు చుక్కలమందును మూడునాలుగు దినములు మించి వాడినచో ముక్కు మునుపటికంటె గట్టిగా బిగియును.

పసుపునీటి ఆవిరి హాయినిచ్చును గాని రోగమును కుదుర్చదు. మరుగుచున్న గిన్నెయొద్దకు పిల్లలను రానీయకుడు. అంతకంటె, అరలీటరు నీటికి చిన్న చెంచాడు ఉప్పు కలిపి ముక్కు కడుగుకొనుట మేలు. ఆ నీరు తప్పక కాచి చల్లార్చినదై యుండవలెను. నక్కవాగు కాలుష్యముపై 1990లో సుప్రీంకోర్టునకు వ్యాజ్యము పోయిన ప్రాంతమిది. కాచినంతనే క్రిములు చచ్చును, రసాయనములు పోవు. కావున బోరునీరు కాక శుభ్రమైన త్రాగునీటినే కాచుకొనుడు.

పండ్రెండు వారములు దాటినచో అది దీర్ఘపీనసము. ఉప్పునీటితోపాటు ముక్కులో చిమ్ముకొను స్టీరాయిడ్ మందును నెలలతరబడి వాడవలసియుండును. పేరు విని బెదరవలదు. రక్తములో చేరునది అత్యల్పము. అప్పటికిని కుదురకున్న సీటీ స్కాను తీసి, ముక్కుద్వారముననే దుర్భిణి పోనిచ్చి శస్త్రము చేయుదురు. మొగముపై కోత యుండదు. ఒకప్రక్కనే దుర్వాసనతో చీమిడి కారుచున్న పై దవడపన్ను చూపించుకొనవలయును. సెలవులలో తగ్గి పనికి పోగానే హెచ్చుచున్నచో, కర్మాగారమున చేయుపని యేదో వైద్యునికి చెప్పుడు. ఆ గాలి మారనిదే మందు నిలువదు.

షిఫ్టునుండి వచ్చిన భర్త తుమ్మినంతనే మందు వెదకు ఇల్లాలు తన తలనొప్పిని మాత్రము సైనసని సరిపెట్టుకొని యేండ్లు గడపును. అది పెక్కుసార్లు మైగ్రేను. దాని చికిత్స వేరు.

మధుమేహము గలవారు మరింత మెలకువతో నుండవలెను. 2021లో కరోనా వెంబడి నల్ల ఫంగసు సైనసులలో చేరి కన్నులను హరించినప్పుడు, కోఠిలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రిని ఆ రోగులకు కేంద్రముగా నియమించిరి. చెక్కిలి తిమ్మిరెక్కినను, ముక్కున నల్లని పొక్కు కనబడినను, ఎవరికైనను కనురెప్ప వాచి చూపు రెండుగా తోచినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలయును.