తీరప్రాంత నగరంలో పాత డీజిల్ కారు: వెనుక సస్పెన్షన్, ఇంధన ట్యాంకు మరమ్మతు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• సముద్రతీరంలో తిరిగే కారు వెనుక భాగం త్వరగా ఎందుకు తుప్పు పడుతుందో వివరించగలుగుతారు.
• డీజిల్ ట్యాంకును బాగుచేయవచ్చా, మార్చాలా అన్నది నిర్ణయించగలుగుతారు.
• కమాన్ కట్టల మరమ్మతులో పాటించవలసిన వరుసను, జాగ్రత్తలను చెప్పగలుగుతారు.

1. పరిచయం

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. ఉక్కును తయారుచేసే ఈ నగరంలోనే ఉక్కును తినేసే ఉప్పుగాలి కూడా ఏడాది పొడవునా వీస్తుంది. ఈ గాలి ప్రభావం పాత కార్ల అడుగు భాగంలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ పాఠానికి అంబాసిడర్ డీజిల్ కారును ఉదాహరణగా తీసుకుందాం. చాలాకాలం టాక్సీగా, ప్రభుత్వ వాహనంగా తిరిగిన ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. దాని పాత డీజిల్ ఇంజను సామర్థ్యం 1489 ఘన సెంటీమీటర్లు. వెనుక ఇరుసును రెండు కమాన్ కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు, మోస్తాయి. దీనికి లారీలో ఉన్నట్లు విడి ఛాసిస్ ఉండదు. బాడీ, అడుగు భాగం కలిసి ఒకే నిర్మాణం. అందువల్ల కమాన్ కట్ట తగిలించే చోట రేకు తుప్పు పట్టిందంటే కారుకు ఆధారమే బలహీనపడిందని అర్థం.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ జరిగి, ఒక్కో విడతకు 5 సంవత్సరాల చొప్పున పొడిగిస్తారు. ఆ తనిఖీకి వెళ్లేముందు యజమాని తప్పక చూసుకోవలసిన భాగాలలో ఈ రెండూ ఉన్నాయి.

2. తుప్పు ఎక్కడ, ఎందుకు పడుతుంది?

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పు చేరినప్పుడు నీటికి విద్యుద్వాహకత పెరిగి, చర్య వేగం హెచ్చుతుంది. అంతేకాక ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, వాన లేని రోజున కూడా లోహం మీద పలుచని తడి నిలిచే ఉంటుంది.

కారు వెనుక భాగంలో ఈ తడి నిలిచే చోట్లు మూడు:
(అ) కమాన్ పట్టీల మధ్య సందులు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందుకే పట్టీలు ఒకదానినుంచి ఒకటి విడిపోయి ఉబ్బినట్లు కనిపిస్తాయి.
(ఆ) ట్యాంకును పట్టి ఉంచే పట్టీల కింద ఉండే మెత్తలు. ఇవి ఉప్పునీటిని పీల్చి, రేకుకు అంటించి ఉంచుతాయి.
(ఇ) ట్యాంకు లోపలి అడుగు. ట్యాంకు సగం ఖాళీగా ఉన్నప్పుడు, రాత్రి చల్లదనానికి లోపలి గాలిలోని తేమ నీటిబొట్లుగా మారుతుంది. నీరు డీజిల్ కంటే బరువు కనుక అడుగున చేరుతుంది. నీరు, డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు ఏర్పడుతుంది. ఫిల్టరు మాటిమాటికీ మూసుకుపోవడం దీనికి ఒక గుర్తు.

3. పని వరుస: ముందు ట్యాంకు

ట్యాంకు, కమాన్ కట్టలు రెండూ కారు వెనుక భాగంలో దగ్గర దగ్గరగానే ఉంటాయి. బిగుసుకుపోయిన బోల్టును గ్యాసు మంటతో వేడిచేయడం, తుప్పు తిన్న రేకుకు వెల్డింగ్ చేయడం సస్పెన్షను పనిలో మామూలే. అందువల్ల ఈ రెండింటినీ ఒకే పనిగా చూడాలి. ట్యాంకును మొదట దించాలి, అన్నిటికన్నా చివర ఎక్కించాలి.

"డీజిలే కదా, పెట్రోలులా అంటుకోదు" అనే మాట తరచుగా వింటాం. దీనిని పరిశీలిద్దాం. నిప్పు చూపితే క్షణకాలం అంటుకునేంత ఆవిరి ద్రవం నుంచి వెలువడే కనీస ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింటు అంటారు. పెట్రోలుకు ఇది సున్నా డిగ్రీల కంటే చాలా తక్కువ. భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం డీజిల్‌కు 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గకూడదు. మే నెల ఎండలో ఆరుబయట పెట్టిన ఇనుప ట్యాంకు ఆ ఉష్ణోగ్రతను సులభంగా దాటుతుంది. వెల్డింగ్ వేడి దానికి ఎన్నో రెట్లు. నిండు ట్యాంకులో ఆవిరికి, గాలికి చోటు తక్కువ. ఖాళీ ట్యాంకులో ఆ రెండూ కలిసి పేలుడు మిశ్రమంగా మారవచ్చు. కాబట్టి ఖాళీ ట్యాంకు ప్రమాదకరం కాదనుకోవడం పొరపాటు.

ట్యాంకు దించేటప్పుడు ఇంజను చల్లారాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. గాలి ఆడే చోట పని చేయాలి. ఆవిరి గాలి కంటే బరువైనది, పల్లంలో నిలుస్తుంది కనుక గొయ్యి మీద ఈ పని చేయకూడదు. తీసిన డీజిల్‌ను మూత ఉన్న డబ్బాలో పోయాలి. అడుగు మడ్డిని కాలువలో పారబోయకూడదు. అది చివరకు సముద్రంలోకే చేరుతుంది.

4. ట్యాంకు: బాగుచేయాలా, మార్చాలా?

ముందుగా పై మట్టిని తుడిచి, అనుమానం ఉన్న చోట సుద్దపొడి పూయండి. లోపల కొద్దిగా డీజిల్ పోసి కొన్ని గంటలు ఉంచండి. కారే చోట సుద్ద మీద తడి మరక కనిపిస్తుంది. ఒకటి రెండు సన్నని రంధ్రాలే ఉండి, చుట్టూ రేకు గట్టిగా ఉంటే, ఇంధనానికి తట్టుకునే ఎపాక్సీతో తాత్కాలికంగా మూయవచ్చు. అతుకుల వెంట తుప్పు ఉన్నా, వేలితో నొక్కితే రేకు లొంగినా ట్యాంకు మార్చవలసిందే.

వెల్డింగ్ విషయంలో ఒక హెచ్చరిక. నీటితో కడిగి, వాసన లేదని నిర్ధారించుకుంటే చాలదు. అతుకుల మడతల్లో మిగిలిన డీజిల్ వేడికి మళ్లీ ఆవిరిగా మారుతుంది. ఇంధన ట్యాంకులను శుద్ధిచేసి వెల్డింగ్ చేసే ఏర్పాటు, అనుభవం ఉన్న చోట మాత్రమే ఈ పని చేయించాలి.

కొత్త ట్యాంకును రేకుతో చేయించేటప్పుడు జీఐ రేకు వాడవద్దు. దాని మీది జింకు పూత ఇనుమును కాపాడుతుంది. ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించేది కూడా అందుకే. కాని అదే జింకు డీజిల్‌లో కొంచెం కొంచెంగా కరిగి, ఇంజెక్టర్లలో పేరుకునే పదార్థాలను ఏర్పరుస్తుంది. బయట మేలుచేసే పూత లోపల కీడుచేస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ఖాళీ డీజిల్ ట్యాంకు ఎందుకు ప్రమాదకరం?
2. డీజిల్ ట్యాంకుకు జీఐ రేకు ఎందుకు పనికిరాదు?

5. వెనుక సస్పెన్షను

చదునైన నేల మీద కారును నిలిపి, రెండు వెనుక చక్రాల మధ్య బిందువు నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలవండి. ఒక పక్క తగ్గితే ఆ పక్క కట్ట కుంగిందని గాని, పట్టీ విరిగిందని గాని, తగిలించిన చోటు దెబ్బతిన్నదని గాని అనుమానించాలి. తగిలించే చోట్లను స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడండి. మొన లోపలికి దిగితే రేకు మరమ్మతు చేయకుండా కొత్త కట్ట బిగించి ప్రయోజనం లేదు.

విప్పే వరుస ఇది:
(1) ముందు రోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే నూనె వేయాలి.
(2) ముందు చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో ఎత్తి, స్టాండుల మీద నిలపాలి. జాకీ ఒక్కదానినే నమ్మి కారు కిందికి వెళ్లకూడదు.
(3) ఇరుసుకు వేరే జాకీ ఆనించాలి.
(4) షాక్ అబ్జార్బరు కింది బోల్టు, యు-బోల్టులు, వెనుక షాకిల్, చివరగా ముందు పిన్ను తీయాలి.

విరిగిన పట్టీని వెల్డింగ్ చేయకూడదు. స్ప్రింగు ఉక్కుకు ఆ గుణం నియంత్రిత ఉష్ణచికిత్స వల్ల వస్తుంది. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన ఆ గుణం పోయి, పెళుసుదనం వస్తుంది. పట్టీ అక్కడే మళ్లీ విరుగుతుంది. కట్టలను రెండు పక్కలా కలిపి మార్చాలి. సాగిన యు-బోల్టులను తిరిగి వాడకూడదు.

రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే కారు నేలకు దిగగానే రబ్బరు మెలితిరిగి, అదే స్థితిలో ఉండి త్వరగా చిరుగుతుంది. వదులుగా తగిలించి, కారు బరువు చక్రాల మీద పడిన తరువాత బిగించాలి.

6. తిరిగి ఎక్కించడం

రేకు పని, రంగు అన్నీ ముగిసి, లోహం చల్లారిన తరువాతే ట్యాంకు ఎక్కించాలి. నీరు పీల్చే పాత మెత్తలకు బదులు రబ్బరు పట్టీలు వేయాలి. గాలి రంధ్రం తెరిచి ఉందో లేదో చూడాలి. అది మూసుకుపోతే కారు కొంత దూరం నడిచి ఆగిపోతుంది. కొత్త ఫిల్టరు వేసి, చేతి పంపుతో గొట్టాలలోని గాలి తీయాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యు-బోల్టుల బిగువును మళ్లీ పరీక్షించాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటింది. అలాంటి తుపాను తరువాత గాని, బీచ్ రోడ్డు మీద తరచు తిరిగే కారుకు గాని అడుగు భాగాన్ని మంచినీటితో కడిగి ఆరబెట్టడం అన్నిటికన్నా చవకైన రక్షణ.

7. సారాంశం

ఉప్పు తేమ కమాన్ కట్టలను, ట్యాంకును ఒకేసారి దెబ్బతీస్తుంది. ఒకదానికి చేసే మంట పని రెండవదానిని పేల్చగలదు. కనుక ఈ పనిలో నైపుణ్యంతో పాటు వరుస కూడా ముఖ్యం. ట్యాంకును ముందు దించడం, చివర ఎక్కించడం అన్న నియమం పనివాడి ప్రాణాన్ని కాపాడుతుంది.

8. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. కారు వెనుక భాగంలో తుప్పు పట్టే చోట్లను, కారణాలను వివరించండి.
2. ఫ్లాష్ పాయింటు అంటే ఏమిటి? డీజిల్ ట్యాంకు మరమ్మతులో దాని ప్రాముఖ్యం రాయండి.
3. మీ ప్రాంతంలోని ఒక పాత వాహనం అడుగు భాగాన్ని పరిశీలించి, మీరు గమనించిన అంశాలను ఒక పేజీకి మించకుండా రాయండి.