గుర్రాన్ని తబేలాలో ఉంచుతున్నారా? అద్దె కంటే ముందు ఇవి అడగండి

హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో బైక్ పెట్టడానికే చోటు దొరకదు, ఇక గుర్రాన్ని ఎక్కడ కట్టేస్తాం? అందుకే బారాత్‌లకు గుర్రాలు నడిపేవాళ్లలో, పిల్లలకు సవారీ నేర్పిద్దామని సొంత గుర్రం కొన్నవాళ్లలో కొందరు మొయినాబాద్, శంషాబాద్ వైపు తబేలాలకో, రైడింగ్ స్కూళ్లకో నెలకింత అని ఇచ్చి గుర్రాన్ని అప్పగిస్తున్నారు.

మా మామూ కూడా అదే చేశారు. రెండేళ్ల కింద ఒక మార్వాడీ గుర్రం కొని ఊరి బయట తబేలాలో ఉంచారు. మిగతా చోట్ల కంటే అక్కడ అద్దె తక్కువ. ఒక రాత్రి గుర్రానికి కడుపునొప్పి మొదలైంది. కాపలా పిల్లాడికి ఏమీ అర్థం కాలేదు. తబేలా ఆయన ఫోన్ ఎత్తలేదు. మామూకు తెల్లారాక చెప్పారు. డాక్టర్ వచ్చేసరికి గుర్రం లేవలేని స్థితిలో ఉంది, మధ్యాహ్నానికి చనిపోయింది. "పైసలు పోయినందుకు కాదు బేటా, రాత్రంతా అది కొట్టుకుంటుంటే నేను ఇంట్లో హాయిగా పడుకున్నా" అని మామూ ఇప్పటికీ బాధపడతారు.

ఆ తర్వాత నేను కొన్ని తబేలాలు తిరిగి, గుర్రాలు పెంచేవాళ్లతో మాట్లాడాను. తెలిసిన విషయాలు ఇవి.

ముందు లెక్క వేయండి

సుమారు 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుగడ్డి కావాలి. అంటే నెలకు 180 నుంచి 240 కిలోలు. దీనికి ఉలవలు, శనగలు లాంటి దాణా, సయీస్ జీతం, కింద పరిచే గడ్డి లేదా రంపపుపొట్టు కలపండి. మీ దగ్గరి మార్కెట్ ధరతో గుణించి చూడండి. వాళ్లు అడిగే అద్దె ఈ మొత్తం కంటే తక్కువ ఉంటే సంతోషపడకండి. ఎవరూ నష్టానికి వ్యాపారం చేయరు. ఆ తేడా మీ గుర్రం కడుపులోంచే పోతుంది.

గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. కొంచెం కొంచెంగా రోజంతా తినే జంతువు అది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాణా కుమ్మరించి వదిలేసే చోట కడుపునొప్పి ముప్పు ఎక్కువ. దాణా ఎక్కడి నుంచి తెస్తారో కూడా అడగండి. కోళ్లకు, పశువులకు తయారుచేసే కొన్ని దాణాల్లో మొనెన్సిన్ అనే మందు కలుపుతారు. అది గుర్రానికి విషం.

చెప్పకుండా వెళ్లండి

ఫోన్ చేసి వెళితే ఊడ్చి, కడిగి చూపిస్తారు. చెప్పకుండా, గడ్డి వేసే టైంకు వెళ్లండి. ముందు అక్కడున్న గుర్రాలను చూడండి. పక్కటెముకలు బయటపడ్డాయా? తాళ్లు ఒరుసుకుని కాళ్ల మీద పుండ్లు ఉన్నాయా? గిట్టలు పెరిగి పగిలాయా? గిట్టలను 6 నుంచి 8 వారాలకోసారి కత్తిరించాలి. నాల్‌బంద్ చివరిసారి ఎప్పుడొచ్చాడో అడిగితే వెంటనే చెప్పగలగాలి.

లోపల గుర్రం నిలబడే చోట కూర్చుని గాలి పీల్చండి. మూత్రం ఘాటుకు మీ కళ్లు మండితే, రోజంతా అక్కడే ఉండే గుర్రం ఊపిరితిత్తుల సంగతి ఆలోచించండి. గది దాదాపు 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉంటే గుర్రం తిరగగలదు, పడుకోగలదు. రోజూ కాసేపు బయట వదులుతారా, అగాడీ పిఛాడీ కట్టేసే ఉంచుతారా అన్నది కూడా చూడండి. గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. తొట్టిలో చెయ్యి పెడితే నాచు తగలకూడదు.

కొత్త గుర్రం వస్తే ఏం చేస్తారు?

ఇది చాలామంది అడగరు. బారాత్ గుర్రాలు వచ్చిపోయే తబేలాలో తప్పక అడగాలి. గ్లాండర్స్ అనే జబ్బు ఒకే తొట్టిలో నీళ్లు తాగడం వల్ల కూడా అంటుకుంటుంది. మనుషులకూ వస్తుంది. దీనికి టీకా లేదు. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం రక్తపరీక్ష చేసి నిర్ధారిస్తే, ఆ గుర్రాన్ని వైద్యం కోసం ఉంచరు, చట్టప్రకారం చంపేస్తారు. కాబట్టి కొత్త గుర్రాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచే చోటు, పరీక్ష కాగితం లేకుండా లోపలికి రానివ్వని పద్ధతి ఉండాలి. మీ గుర్రానికి కాగితం అడగకుండా చేర్చుకుంటే, పక్క గుర్రానికి కూడా అడిగి ఉండరు.

రాత్రి ఎవరుంటారు?

గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే కడుపునొప్పి దానికి ప్రాణాంతకం కావచ్చు. మాటిమాటికి పొట్ట వైపు తిరిగి చూడటం, కాలితో నేల గీరడం, పడి పొర్లడం, లద్దె వేయకపోవడం దీని గుర్తులు. రాత్రి కాపలా ఉండే మనిషినే పిలిచి ఈ గుర్తులు అడగండి. అతనికి తెలియకపోతే ఓనర్ ఎంత బాగా మాట్లాడినా లాభం లేదు. డాక్టర్ నంబర్ గోడ మీద రాసి ఉందా, రాత్రి వస్తారా అన్నది కనుక్కోండి.

కాగితం మీద రాసుకోండి

డిగ్రీలో బిజినెస్ లాలో చదివిన ఒక పాఠం ఇక్కడ పనికొచ్చింది. మన వస్తువును ఇంకొకరి దగ్గర ఉంచితే, మామూలు తెలివి ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎట్లా చూసుకుంటాడో వాళ్లు అట్లా చూసుకోవాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 151 చెబుతుంది. కానీ సెక్షన్ 152 ప్రకారం, విడిగా ఒప్పందం లేకపోతే, అంత జాగ్రత్త తీసుకున్న మనిషి మీద నష్టం భారం పడదు. అందుకే నోటిమాట చాలదు. రోజుకు ఎంత గడ్డి, ఎన్నిసార్లు దాణా, నాల్‌బంద్, టీకా, నట్టల మందు ఖర్చు ఎవరిది, మీరు ఫోన్‌లో దొరక్కపోతే డాక్టర్‌ను పిలిచే హక్కు ఎవరికి, మిమ్మల్ని అడగకుండా గుర్రాన్ని బారాత్‌కు పంపకూడదు అన్నవి రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. సంతకానికి వెనకాడే మనిషి దగ్గర అమానత్ పెట్టకపోవడమే మంచిది.

మామూ మళ్లీ గుర్రం కొనాలని చూస్తున్నారు. ఈసారి మాత్రం ముందు తబేలా కుదిరాకే గుర్రాన్ని చూడటానికి వెళ్తానంటున్నారు.