కలివికోడి: పేరు, అడుగు, కూత

జంతువును గూర్చిన జ్ఞానము ఒక్క శాస్త్రమునకే దక్కునది కాదు. జంతుశాస్త్రము దాని దేహమును, ఆవరణశాస్త్రము దాని ఉనికిపట్టును, భాషాశాస్త్రము దాని పేరును పరిశీలించును. ఈ మూడును ఒకదానికొకటి తోడగు తీరును తెలుపుటకు కడపసీమలోని కలివికోడిని ఇచ్చట ఉదాహరణముగా గ్రహించుచున్నాము.

సైనికవైద్యుడగు జెర్డన్ ద్వారా వెలుగులోనికి వచ్చిన ఈ పక్షిని బ్లైత్ 1848లో శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. 1900 తరువాత ఇది పరిశోధకుల కంటబడలేదు. సలీం అలీ వంటివారు వెదకియు కానలేకపోయిరి. అంతరించినదనియే పలువురు తలంచిరి. కడకు 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయముతో కడప జిల్లాలో దీనిని మరల కనుగొనెను. ఇది రాత్రివేళ సంచరించు పక్షి. పగటి వెదకులాటకు దొరకకుండుటకు అదియు నొక కారణము.

ఇక పేరును పరిశీలింతము. ఆంగ్లనామము జెర్డన్‌ను స్మరించును; పక్షి యెచ్చట నుండునో చెప్పదు. తెలుగు పేరు చెప్పును. కలివి ముండ్లపొద. తుమ్మ, రేగు, కలివి పెరిగెడి పొదల అడవియే ఈ పక్షి నెలవని తరువాతి పరిశోధనము తేల్చినది. ఇది శాస్త్రరీత్యా కోడిజాతిది కాదు. నేలపై నడయాడుటను బట్టి జనులు దానిని కోడి యనిరని మా ఊహ. పేరు సాక్ష్యమే గాని నిరూపణము కాదు. అయినను ఎచ్చట వెదకవలెనో సూచించును.

నిరూపణమునకు వేరు మార్గములు కావలసివచ్చినవి. పొదల నడుమ మెత్తని మట్టిని చదునుచేసి, అందు పడిన అడుగుజాడలను పరిశోధకులు చదివిరి. జంతువు కదలినంతనే తమంతట ఛాయాచిత్రము తీయు కెమెరాలను అమర్చిరి. ముద్రిత మైన కూతను సంధ్యవేళ వినిపించి బదులుకూత కొరకు చెవియొగ్గిరి. కంటికి దొరకని ప్రాణిని దాని కదలికచేతను, స్వరముచేతను ఎరుగుట యన నిదియే.

ఈ పొదలు మిక్కిలి దట్టమైనను, మిక్కిలి పలుచనైనను పక్షి నిలువదు. కావున పశువుల మేపును, కట్టెల నరకుడును ఇచ్చట పరిశోధనాంశములే. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినను ముప్పు తొలగలేదు. 2005లో తెలుగుగంగ కాలువ పనులవలన కొంత పొదల అడవి నశించినది; పిదప కాలువ మార్గమును మార్చవలసివచ్చినది. నేటికిని ఇది అత్యంత ప్రమాదస్థితిలోనున్న పక్షుల పట్టికలోనిదే.

పూర్వపు కర్నూలు జిల్లాలోని రోళ్లపాడున బట్టమేకపిట్ట కొరకు అభయారణ్యము వెలసినది. ఆ పక్షి నేడచ్చట మిక్కిలి అరుదు. ప్రాణి పోయిన పిదప పేరు నిఘంటువున మిగులవచ్చును. ఆ పేరు వెనుకనున్న ఎరుక మిగులదు. గొఱ్ఱెల కాపరులు, వేటగాండ్రు ఎరిగిన పక్షుల పేర్లను, అవి తిరుగు చోటును, వేళను, కూతను కలిపి సేకరించుట తెలుగుశాఖలు చేయదగిన పని. పేరు మాత్రమే వ్రాసికొని వచ్చిన విద్యార్థి సగము పనియే చేసినవాడగును.