చంక దగ్గర చతికిలబడుతున్న రవిక

సూర్యాపేట: కొలతలు సరిగానే తీశారు. కాగితం మీద గీత సరిగానే గీశారు. కత్తెర గీత దాటలేదు. తీరా చేతులు తగిలించి వేసుకుని చూస్తే భుజం జారుతుంది, చంక కింద గుడ్డ ముడతలు పడుతుంది, చెయ్యి పైకెత్తితే రవిక మొత్తం దానితోపాటే పైకి లేస్తుంది. రెండుసార్లు విప్పి కుడతారు. మూడోసారి విప్పే ఓపిక ఉండదు. ఆ గుడ్డ కాస్తా పెట్టె అడుగుకు చేరుతుంది. బతుకమ్మకో, రెండేళ్లకోసారి వచ్చే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకో కట్టుకుందామనుకున్న కొత్త చీర మీదికి పాత రవికే గతి అవుతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో కుట్టుమిషన్ ఉన్న ఇళ్లకు ఈ సగం కుట్టిన రవికలు కొత్త కాదు. పోయేది గుడ్డ ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. గుడ్డతోపాటు ధైర్యం కూడా పోతోంది. తనకు చేతకాదనుకుని మిషన్‌కు గుడ్డ కప్పేసిన ఇల్లాలు మళ్లీ పట్నానికి బస్సెక్కాల్సి వస్తోంది. లైనింగు జాకెట్టు కుట్టుకూలి వందల్లోకి చేరిన రోజులివి. పండుగ ముందు దర్జీ చెప్పే వాయిదాల సంగతి సరేసరి.

ఇంతకీ లోపం ఎవరిది? చేతిదా, కాగితానిదా? చాలాసార్లు కాగితానిదే.

ఛాతీ కొలత 32, 34, 36, 38 అని వేసిన పేపర్ కటింగ్‌లు ఇప్పుడు తయారుగా దొరుకుతున్నాయి. ఫోనులో చూసి గీసుకునేవారూ ఉన్నారు. ఇవి ఎక్కువగా ఆ ఒక్క అంకె మీదే నడుస్తాయి. ఛాతీ 36 అంగుళాలు ఉంటే భుజం ఇంత, చంక ఇంత, వీపు ఇంత అని లెక్క కట్టేస్తారు. అదే 36 అంగుళాల కొలత గల ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే ఒకరికి వీపు వెడల్పు, ఇంకొకరికి ముందు భాగం నిండుగా ఉంటుంది. టేపుకు ఆ తేడా తెలియదు. అందులోనూ నాట్లు వేసి, పత్తి ఏరి, నెత్తిన గంప మోసిన స్త్రీకి భుజాలు, జబ్బలు గట్టిపడి ఉంటాయి. ఆమె చెయ్యి రోజంతా ముందుకు చాచే ఉంటుంది. నిలువుగా నిలబడ్డ మనిషికి గీసిన వీపు కొలత ఆమెకు పట్టేయక తప్పదు.

ఈ కాగితం కథ మన దగ్గర మొదలైంది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఎబెనెజర్ బట్టరిక్ అనే దర్జీ 1863లో సైజుల వారీగా కాగితపు నమూనాలు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. సైజులున్నాయి సరే, అవి ఎవరి ఒంటివి? ఆ ప్రశ్న తేలక 1939-40లో అక్కడి ప్రభుత్వం దాదాపు 15 వేల మంది స్త్రీల కొలతలు తీయించింది. ఆ కొలతల ఆధారంగా 1958లో ఒక ప్రమాణం వచ్చింది. అదీ నిలవలేదు. 1983లో దాన్ని ఉపసంహరించుకున్నారు. మన దేశంలో జాతీయ ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్ 2010 దశకం చివర ఇలాంటి సర్వే ఒకటి తలపెట్టింది. 6 నగరాల్లో 25 వేల మందికి పైగా స్త్రీ పురుషులను యంత్రాలతో కొలవాలన్నది ఉద్దేశం. ఆ నగరాల్లో హైదరాబాద్ ఉంది. నాట్లు వేసే పల్లెలు మాత్రం ఆ జాబితాలో లేవు!

మన అవ్వలకు ఈ బాధ తక్కువ. వారు తొడిగిన ముడి రవికకు హుక్కులు లేవు. ముందు భాగంలో రెండు కొసలు కలిపి ముడి వేసుకునేవారు. ఒళ్లు చేస్తే ముడి వదులు, చిక్కితే బిగువు. హుక్కుల పట్టీ వచ్చాక పావు అంగుళం తేడా వచ్చినా బయటపడుతోంది. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం బస్తాల మూతులు కుట్టేవారికి ఈ కొలతల గొడవే లేదు. వారు అదృష్టవంతులు.

ఆది జాకెట్టు పెట్టి కత్తిరిస్తే సరిపోతుందని కొందరి నమ్మకం. అదీ పూర్తిగా నిజం కాదు. ఆది జాకెట్టు ఎప్పటిది? కాన్పుకు ముందు కుట్టించిందైతే ఒళ్లు మారి ఉంటుంది. ఏళ్ల తరబడి ఉతికిందైతే గుడ్డ సాగి ఉంటుంది. దానిలో ఉన్న తప్పు కొత్తదానిలోకి దిగుతుంది. ఒకసారి వేసుకుని అద్దం ముందు చెయ్యెత్తి చూశాకే దాన్ని ఆదిగా పెట్టుకోవాలి.

ఇక అసలు సంగతి. ఎక్కువ రవికలు పాడయ్యేది చంక దగ్గర. చెయ్యి ఎత్తితే పట్టేస్తోందని చంకను ఇంకాస్త లోతుకు కత్తిరిస్తారు. పట్టు తగ్గదు, పెరుగుతుంది. మళ్లీ కత్తిరిస్తారు. దాంతో రవిక చేజారిపోయినట్టే. చంక కిందికి దిగిన కొద్దీ చెయ్యి ఎత్తినప్పుడు పక్క కుట్టును అది పైకి లాగుతుంది, దానితో రవిక అంతా లేస్తుంది. చంక పైన, ఒంటికి దగ్గరగా ఉంటేనే చెయ్యి స్వేచ్ఛగా ఆడుతుంది. పట్టేసినప్పుడు ముందుగా చూడాల్సింది చేతి వెడల్పు, వీపు వెడల్పు. అవి చాలకపోతే పక్క కుట్లు విప్పి వదలాలి. అప్పటికీ చాలకపోతే చంక కింద చిన్న చదరపు పీలిక వేస్తే చెయ్యి ఆడుతుంది. అది అతుకేనని సిగ్గుపడనక్కర్లేదు, చెయ్యి దించితే కనిపించదు.

ముడతలు కూడా మాట్లాడతాయి. ఛాతీ మీద అడ్డంగా బిగువు గీతలు పడితే గుడ్డ చాలలేదన్నమాట. నిలువుగా వదులు మడతలు పడితే ఎక్కువైందన్నమాట. మెడ నుంచి చంక వైపు ఏటవాలుగా ముడత దిగితే భుజం వాలు సరిపోలేదని అర్థం. అక్కడ భుజం కుట్టు ఒక్కటి విప్పి సరిచేస్తే చాలు, మొత్తం విప్పనవసరం లేదు.

కత్తెర పట్టకముందే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. నూలు గుడ్డను, ముఖ్యంగా లైనింగు గుడ్డను, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకుంటే మొదటి ఉతుకులో లోపలి గుడ్డ కుంచించుకుపోయి పైగుడ్డ ఉబ్బిపోతుంది. పడుగు నిలువుగా, పేక అడ్డంగా వచ్చేలా కాగితం పరచాలి. గుడ్డ మిగులుతుందని కాగితాన్ని ఐమూలగా తిప్పితే కుట్టాక రవిక మెలిక తిరుగుతుంది. పక్క కుట్లలో అంగుళం, అంగుళంన్నర గుడ్డ వదలాలి. కొత్త కాగితమైతే ముందు పాత చీర ముక్క మీద కత్తిరించి, కచ్చా కుట్టు వేసి తొడిగి చూడాలి. రెండు చేతులూ అక్కర్లేదు, ఒక్కటి తగిలిస్తే చాలు. తొడిగాక ఊరికే నిలబడి చూస్తే లాభం లేదు. నాటు వేసినట్టు వంగాలి, బిడ్డను ఎత్తుకున్నట్టు చెయ్యి చాచాలి, పీట మీద కూర్చోవాలి.

ఇదంతా శిక్షణలో చెప్పరా అంటే, చెప్పేచోట చెబుతారు. గ్రామీణ యువతకు వృత్తులు నేర్పేందుకు 1979లో ట్రైసెమ్ పథకం వచ్చింది. 1982లో డ్వాక్రా వచ్చింది. రెండింటి కిందా ఎందరో స్త్రీలు కుట్టు నేర్చుకున్నారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది, పనిముట్లకు రూ.15 వేలు ఇస్తున్నారు. 2024లో రాష్ట్రంలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. మిషన్ ఇప్పించడం తేలిక, కత్తిరింపు నేర్పడం కష్టం. నేరుగా కుట్టడం వారం రోజుల్లో వస్తుంది. తొడిగి చూసి తప్పు పట్టడం అలా రాదు. అది నేర్పని శిక్షణ మిషన్‌ను ఇంటికి చేర్చగలదేమో గాని నడిపించలేదు.

అన్నీ చేసినా కొన్ని రవికలు దక్కవు. బిగువైతే లోపల వదిలిన గుడ్డ ఆదుకుంటుంది. మెడ లోతు ఎక్కువైతే పట్టీ వేసి కొంతవరకు కప్పవచ్చు. రెండుసార్లు లోతు చేసిన చంక, మెలిక తిరిగిన ముందు భాగం మాత్రం తిరిగి రావు. వాటి మీద మూడు రాత్రులు కూర్చోవడం దండగ. ఆపేయడమే మేలు. ఆపేసిన గుడ్డను పెట్టెలో దాచకుండా కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి పరిస్తే పసిపిల్ల జాకెట్టుకు సరిపోయే వీపు భాగం దొరుకుతుంది. పాడైన కాగితం మీద ఎక్కడ ఎంత తప్పిందో పెన్సిలుతో రాసిపెట్టుకుంటే రెండో రవికకు అదే ఆది. ఇంకా మిగిలిన పీలికలు చలికాలానికి బొంతలోకి పోతాయి.