మీకు తెలుసా? క్రీమా, ఐవరీయా అన్నది నేలే తేలుస్తుంది

షేడ్ కార్డు ముందేసుకుని క్రీమా ఐవరీయా అని ఇంటిల్లిపాదీ వాదించుకునే రంగులకు పుట్టిల్లు ఒక్కటే. పెయింట్ షాపు మెషిన్ కింద రెంటికీ పెట్టేది తెల్ల బేస్ డబ్బానే. అందులో పసుపు, ఎరుపు, నలుపు స్టెయినర్లు చుక్కల లెక్కన పడతాయి. ఒకదాంట్లో పసుపు కాస్త ఎక్కువ, రెండోదాంట్లో నలుపు కాస్త ఎక్కువ, అంతే తేడా. కార్డు మీది చిన్న ముక్కలో అది కంటికి ఆనదు. నాలుగు గోడలకూ పరుచుకున్నాక మాత్రం దాగదు. ముందే పట్టుకోవాలంటే కార్డును తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. లోపలున్నది పసుపో, గులాబీయో, బూడిదో తెలిసిపోతుంది.

చిటికెడు రంగుతో తెలుపును మార్చే ఈ కిటుకు మన పెద్దవాళ్లకూ తెలుసు. వెల్ల వేసేటప్పుడు సున్నంలో కాస్త నీలిమందు కలిపేవారు. పసుపు జీరను నీలం అణిచేస్తుంది కాబట్టి గోడ ఇంకా తెల్లగా కనిపించేది.

అసలు చిక్కు పక్క రంగుతో. పారిస్‌లో గోబెలిన్స్ అని గోడకు వేలాడదీసే టేపెస్ట్రీలు నేసే పేరున్న కర్మాగారం ఉంది. అక్కడి నల్ల దారం వెలిసినట్టుందని ఫిర్యాదులు వస్తే, 1824లో అద్దకాల విభాగానికి పెద్దగా వచ్చిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రూల్ పరీక్షించి చూశాడు. అద్దకంలో లోపం లేదు. ఆ నలుపు పక్కన నేసిన నీలం, ఊదా రంగులే కంటిని మోసం చేస్తున్నాయి. దీని మీద ఆయన 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. (మనిషి 102 ఏళ్లు బతికాడు, ఓపికకు లోటు లేదు!)

మన ఇళ్లలో ఆ పక్క రంగు నేలే. ఎర్ర గచ్చు మీద బూడిద జీర ఉన్న తెలుపు కాస్త ఆకుపచ్చగా అనిపిస్తుంది. నీలం కలిసిన బూడిద రంగు తాండూరు బండల మీద క్రీమ్ మరింత పసుప్పచ్చగా తేలుతుంది. కాబట్టి రంగు కోసం షాపుకెళ్లేటప్పుడు గోడ కొలతలతో పాటు ఒక టైల్ ముక్క పట్టుకెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

శాంపిల్‌ను పాత రంగు గోడ మీద పూసి చూడకండి, షెవ్రూల్ దారానికి పట్టిన గతే దానికీ పడుతుంది. పెద్ద తెల్ల అట్ట మీద రెండు కోటింగ్‌లు వేసి, చుట్టూ తెల్ల అంచు వదలకుండా, నేలకు ఆనించి నిలబెట్టండి. తడి మీద తీర్పు చెప్పొద్దు. ఎమల్షన్‌లోని జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండి, ఆరాక పారదర్శకమవుతుంది. అందుకే గోడ ఆరేకొద్దీ రంగు సాధారణంగా ఓ పిసరు ముదురుతుంది.

ఆరాక చూడాల్సింది మీరు ఆ గదిలో ఎక్కువగా ఉండే వేళలోనే. 6500 కెల్విన్ తెల్ల ట్యూబ్‌లైటు కింద చల్లగా ఉన్న ఐవరీ, 2700 కెల్విన్ పసుపు బల్బు వేయగానే క్రీమ్ అయిపోతుంది. రాత్రిపూటే అందరూ చేరే హాలుకు మధ్యాహ్నపు ఎండలో రంగు ఎంచుకుంటే ఏం లాభం?