పరుపుల అంగడి నుంచి అమెరికా బడికి

నంద్యాల: మా జిల్లాలోని ఒక మండల కేంద్రంలో, బస్టాండు వెనక సందులో దూది ఏకే మిషను ఉన్న అంగడి ఒకటుంది. నూర్‌బాషా కుటుంబం పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టి బతుకుతోంది. ఆ అంగడి యజమాని పెద్దకూతురు పదో తరగతి పాసై 2018 ఆగస్టులో అమెరికా వెళ్ళి, అక్కడి హైస్కూల్లో ఏడాది చదివి వచ్చిందంటే కొత్తవాళ్ళు నమ్మరు. పత్రికలో పేరు రాయవద్దని తండ్రి షరతు పెట్టాడు. "పెళ్ళి కావాల్సిన పిల్ల సార్" అన్నాడు. కాబట్టి పేరు లేకుండానే చెప్పుకుందాం.

ఆమె వెళ్ళింది కెన్నడీ-లూగర్ పథకం కింద. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002లో అమెరికా ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టింది. ముస్లిములు ఎక్కువగా ఉన్న దేశాల హైస్కూలు పిల్లలు ఏడాదిపాటు అమెరికా కుటుంబాల్లో ఉండి చదువుకోవాలన్నది ఉద్దేశం. విమాన ఖర్చు, చేతిఖర్చు, వైద్య బీమా వాళ్ళే భరిస్తారు. ఇంట్లో పెట్టుకునే కుటుంబానికి పైసా ఇవ్వరు. ఇష్టపడి పెట్టుకోవాల్సిందే. ఇలా పిల్లల్ని ఇళ్ళలో ఉంచి చదివించే పద్ధతిని పెంచిన సంస్థల్లో ఏఎఫ్‌ఎస్ ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాళ్ళను మోసిన అంబులెన్సు డ్రైవర్ల దళం అది. యుద్ధాలు చూసిన ఆ డ్రైవర్లే 1947లో 52 మంది విద్యార్థులను తొలిసారి అమెరికాకు రప్పించారు.

దరఖాస్తు తెచ్చింది ఇంగ్లీషు మాస్టారు. వ్యాసాలు రాసి, పరీక్ష, ఇంటర్వ్యూ దాటి అమ్మాయి ఎంపికయ్యాక ఇంట్లో రగడ మొదలైంది. జేజి రెండు రోజులు అన్నం ముట్టలేదు. వయసొచ్చిన పిల్లను ముక్కూ మొహం తెలియని వాళ్ళింటికి పంపుతావా అని బంధువులు తండ్రిని నిలదీశారు. ఆయన నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి. "నేను చదవలా. అది చదువుతానంటే వద్దనేదానికి నాకు నోరు రాలా" అన్నాడు.

చోటు ఖరారైన కాగితం వచ్చాక ఇంకో గొడవ. ఆమెకు దొరికింది అయోవా రాష్ట్రంలో ఒక రైతు ఇల్లు. మొక్కజొన్న, సోయా పండే నేల అది. అక్కడ మనుషులు ముప్పై లక్షల పైచిలుకైతే, పందులు రెండు కోట్లు దాటి ఉంటాయి. ఆ రైతుకూ పందుల షెడ్డు ఉంది. ఈ సంగతి జేజికి చాలాకాలం చెప్పలేదట! వెళ్ళిన మొదటి రాత్రే ఆ ఇంటి తల్లి వంటింట్లో రెండు పెనాలు చూపించి, ఒకదాని పిడికి ఎర్ర గుడ్డ కట్టి, ఇది నీ ఒక్కదానికే అని చెప్పింది. ఆ పెనం మీద ఏడాదంతా పందిమాంసం పడలేదు.

బడి సంగతులు అడిగితే అమ్మాయి నవ్వుతుంది. మొదటిరోజు మాస్టారు రాగానే తానొక్కతే లేచి నిలబడింది. క్లాసంతా వింతగా చూసింది. అక్కడ గంట కొడితే మారేది మాస్టార్లు కాదు, పిల్లలే ఒక గదిలోంచి ఇంకో గదికి పరుగెత్తాలి. పుస్తకాలు పెట్టుకునే ఇనప బీరువాకు అంకెల తాళం. అది తీయడం రాక వారం రోజులు సంచీ అంతా మోసింది. అమెరికా చరిత్ర, ఇంగ్లీషు తప్పనిసరి. మిగిలినవి ఎంచుకోవచ్చంటే వడ్రంగం తీసుకుని స్టూలు చేసింది. మన బళ్ళలో ఆడపిల్ల చేతికి రంపం ఇచ్చిన చోటు నేను చూడలేదు.

"ముస్లిమువి గదా, ఉర్దూ మాట్లాడమనేవాళ్ళు. నాకు ఉర్దూ రాదు, ఇంట్లో తెలుగే అంటే అర్థమయ్యేది కాదు" అంది. నవంబరులో బళ్ళో దేశాల గురించి చెప్పే వారం వచ్చినప్పుడు, ఇంటి నుంచి తీసుకుపోయిన బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టింది. మిరపకాయ తగ్గించినా సగం మంది నీళ్ళు తాగారట.

కష్టమంతా ఆ నెల తర్వాతే. సాయంత్రం అయిదింటికే చీకటి. అక్కడ పొద్దున ఏడు కొడితే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. మాట్లాడే వేళ కుదరదు. వచ్చేస్తానని రెండుసార్లు తల్లికి ఫోన్ చేసింది. తల్లి ఏడ్చింది. తండ్రి మాత్రం "తిన్నావా" అని అడిగి పెట్టేశాడు. 2019 జనవరి చివర్లో చలి సున్నాకు దిగువన 30 డిగ్రీల సెల్సియస్ దాటి బళ్ళు మూసేశారు. వెళ్ళేటప్పుడు తండ్రి కుట్టిచ్చిన బొంత ఆ ఇంటివాళ్ళకు కానుక. ఆ రాత్రి వాళ్ళే దాన్ని తెచ్చి ఆమెకు కప్పారు. అయోవా ఆడవాళ్ళు కూడా ముక్కలు అతికి బొంతలు కుడతారు. ఆ ఇంటి అవ్వ కుట్లు తిప్పి తిప్పి చూసి, ఇది మగమనిషి చెయ్యి అందట.

మే నెలలో రంజాన్ వచ్చింది. అక్కడ పొద్దు రాత్రి ఎనిమిది దాటాక గుంకుతుంది. పదహారు గంటల ఉపవాసం. అదే మొక్కజొన్న విత్తే కాలం. రైతు ట్రాక్టర్ దిగి వచ్చేదీ ఆ వేళకే. ఇద్దరూ కలిసి తినేవారు. ఒక ఆదివారం ఇంటి తల్లి గంటన్నర కారు నడిపి సెడార్ రాపిడ్స్ తీసుకెళ్ళింది. అమెరికాలో మసీదుగానే కట్టి నేటికీ నిలిచి ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది, 1934 నాటిది, అక్కడుంది. ఈమె నమాజు చేసి వచ్చేదాకా ఆ క్రైస్తవ తల్లి చెప్పులు చేతపట్టుకుని గడప దగ్గర కూర్చుందట.

జూన్‌లో తిరిగొచ్చేసరికి తోటివాళ్ళు ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నారు. ఈమె మొదటి ఏడాదిలో చేరింది. ఏడాది దండగయిందని ఊరంతా అంది. తీరా 2021లో కరోనా వల్ల రెండో ఏడాది పరీక్షలే రద్దయ్యాయి. కష్టపడి చదివీ రాయకుండా పాసైన బ్యాచ్ అనిపించుకోవడం ఆమెకు ఇప్పటికీ చిన్నతనమే. 2024లో డిగ్రీ ముగించి, ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు చెబుతోంది. మా పిల్లనూ పంపాలని అడగవచ్చేవాళ్ళకు ఆమె ముందుగా చెప్పేది ఒకటే: ఇంటర్‌లో ఏడాది పోతుంది, ఒప్పుకుంటారా? చాలామంది అక్కడికే లేచిపోతారు.

డిసెంబరు వస్తే అయోవా నుంచి ఫొటో వస్తుంది. ఈమధ్య వచ్చినదాంట్లో సోఫా మీద ఆ బొంత కనిపించింది. తండ్రి కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, అంచు కుట్లు ఊడుతున్నాయి, ఇంకోటి పంపాల అన్నాడు. పోస్టాఫీసులో తూకం వేయిస్తే బొంత ఖరీదు కన్నా పంపే ఖర్చే ఎక్కువ తేలింది. అటు పోయేవాళ్ళు ఎవరన్నా తెలిస్తే చెప్పమని నాకు అప్పజెప్పాడు.